ఆపిల్ క్రంబుల్: ఓవెన్ ఉన్న ఇంటికీ, కుంపటి మాత్రమే ఉన్న ఇంటికీ

ఆపిల్ క్రంబుల్ ఇంగ్లండు ఇళ్ళలో పుట్టిన తీపి వంటకం. ఆపిల్ ముక్కలను కాస్త పంచదారతో పళ్ళెంలో పరచి, మైదా, వెన్న, పంచదార వేళ్ళతో నలిపి చేసిన పొడిని వాటి మీద చల్లి, ఆ పొడి ఎర్రబడి కరకరలాడేదాకా కాలుస్తారు. పిండిని పలుచగా ఒత్తి అంచులు మడిచి చేసే ‘పై’ కంటే దీనికి పిండీ వెన్నా తక్కువ పడతాయి. అందుకే 1940లో అక్కడ ఆహార రేషనింగు మొదలై, వెన్నను గ్రాముల లెక్కన వాడుకోవలసి వచ్చిన యుద్ధకాలంలో ఇది ఇంటింటి వంటగా స్థిరపడిందని చెబుతారు. కింద మెత్తని పుల్లటి పండు, పైన పొడిపొడిగా విరిగే పొర, ఈ రెండూ ఒకే చెంచాలో నోటికి అందాలి. పైపొర తడిసి ముద్దకట్టిందంటే కింద ఆపిల్ ఎంత బాగా ఉడికినా అది క్రంబుల్ కాదు. ఈ మార్గదర్శిలో నేను చెప్పబోయే ప్రతి జాగ్రత్తా ఆ పైపొడిని తడవకుండా కాపాడుకోవడానికే.

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంట్లో మొదటిసారి దీన్ని ప్రెషర్ కుక్కరులో చేశాను. అడుగున ఉప్పు పోసి, దాని మీద స్టాండు పెట్టి, గిన్నె దించి, ముప్పావుగంట సన్నసెగ మీద ఉంచాను. మూత తీసేసరికి పైపొడి తెల్లగా, తడిగా, సరిగా వేగని ఉప్మాలా ఉండకట్టి ఉంది. పాతపట్నం నుంచి వచ్చిన మా మేనత్త గిన్నెలోకి తొంగిచూసి, “కింద మంట పెట్టి పైది ఎర్రబడలేదంటే ఎలాగే అమ్మా? పోడ పిఠాకి మూత మీద నిప్పులు ఎందుకు పోస్తారనుకున్నావు?” అన్నది. ఆ ఒక్క మాటతో నాకు విషయం బోధపడింది. జూన్ నడుమ వచ్చే రజో పండుగకు మా వీధిలోని ఒడియా ఇళ్ళలో బియ్యం, మినప్పప్పు రుబ్బిన పిండిలో కొబ్బరి, బెల్లం కలిపి, ఆకుల మధ్య పెట్టి, కిందా పైనా నిప్పులతో నిదానంగా కాలుస్తారు. అదే పోడ పిఠా. మనకు తెలిసిన వంటల్లో ఓవెన్ పని చేసేది అదే. క్రంబుల్‌కు కావలసినది కూడా ఆ పైనున్న నిప్పే.

ఆపిల్ ఎంపిక

ఇంగ్లండులో దీనికి వాడే బ్రామ్లీ ఆపిల్ చాలా పుల్లనిది, వేడి తగలగానే గుజ్జుగా కరిగిపోతుంది. నాటింగ్‌హామ్‌షైర్‌లోని సౌత్‌వెల్‌లో 1809లో ఒక అమ్మాయి నాటిన గింజ నుంచి వచ్చిన చెట్టుతో ఆ జాతి మొదలైంది. అది మన బజారుకు రాదు. మనకు వచ్చేవి హిమాచల్, కాశ్మీరు తోటల డెలిషియస్ రకాలు. 1916 ప్రాంతంలో శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికన్ సిమ్లా కొండల్లోని కోట్‌గఢ్‌కు తెచ్చి నాటిన జాతి అది. దాని తీపి ఎక్కువ, పులుపు తక్కువ. ఈ తేడాను లెక్కలోకి తీసుకోకుండా ఇంగ్లండు కొలతలనే యథాతథంగా వాడితే వంటకం చప్పగా, మొహం మొత్తే తీపితో తయారవుతుంది. అందువల్ల పంచదార తగ్గించి, నిమ్మరసం చేర్చడం మన వంటింట్లో తప్పనిసరి.

హిమాచల్ పండు జూలై చివరి నుంచి, కాశ్మీరు పండు సెప్టెంబరు నుంచి నవంబరు దాకా బజారుకు తాజాగా వస్తాయి. వినాయక చవితికీ దసరాకీ నడుమ కొన్న పండుతో చేసిన క్రంబుల్ రుచే వేరు. ఫిబ్రవరి దాటాక బండ్ల మీద కనిపించేవి చాలావరకు శీతల గిడ్డంగుల్లో నిలవ ఉన్నవే. పైకి నిగనిగలాడుతున్నా, కొరికితే లోపల ఇసుకలా పొరపొరలుగా ఉంటాయి. అలాంటి పండు వేడికి ఒక్కసారిగా నీరు వదిలేస్తుంది. పండ్ల బండి దగ్గర ఎర్రదనం చూడకండి. బొటనవేలితో తొడిమ పక్కన నొక్కి చూడండి: గట్టిగా ఉండి, నొక్కు పడకుండా ఉన్నదే తీసుకోండి. చేతిలో పట్టుకుంటే పరిమాణానికి మించిన బరువు అనిపించాలి. మా బజారులో తెలుగులో అడిగినా, ఒడియాలో ‘సేఓ’ అని అడిగినా పండు ఒకటే గానీ, “వంటకు కావాలి, గట్టివి ఏరివ్వు” అని ముందే చెబితే చాలామంది అమ్మకందార్లు మెత్తబడినవి పక్కకు తీసి ఇస్తారు.

గ్రానీ స్మిత్ అనే ఆకుపచ్చ ఆపిల్ దొరికితే మూడో వంతు అది కలపండి. పులుపూ గట్టిదనమూ రెండూ దాని నుంచే వస్తాయి. అది దొరకకపోయినా పని ఆగదు.

కొలతలు

ఆరుగురికి సరిపడేలా చెబుతున్నాను. ఆపిల్ పండ్లు ఒక కిలో, అంటే మధ్యరకం పండ్లు ఆరు లేదా ఏడు, తీసుకుంటే చెక్కు, గింజలు పోగా సుమారు 800 గ్రాముల ముక్కలు వస్తాయి. వాటికి పంచదార 50 గ్రాములు, నిమ్మరసం 2 టేబుల్ స్పూన్లు, దాల్చినచెక్క పొడి ఒక టీ స్పూను, కార్న్‌ఫ్లోర్ ఒక టేబుల్ స్పూను, వెన్న ఒక టీ స్పూను కావాలి. సగం ఆకుపచ్చ ఆపిల్ వాడితే నిమ్మరసం సగానికి తగ్గించి, పంచదార 70 గ్రాములకు పెంచండి. కార్న్‌ఫ్లోర్ అంటే తెల్లని మెత్తటి పిండి. రొట్టెలకు వాడే పసుపురంగు మొక్కజొన్న పిండి వేస్తే రసం చిక్కబడదు సరికదా, నోటికి గరుకుగా తగులుతుంది.

పైపొడికి మైదా 180 గ్రాములు, గట్టి చల్లని వెన్న 100 గ్రాములు, పంచదార 80 గ్రాములు, ఓట్స్ 40 గ్రాములు, బరకగా దంచిన జీడిపప్పు 40 గ్రాములు తీసుకోండి. ఉప్పు వేసిన వెన్న అయితే వేరే ఉప్పు అక్కర్లేదు, లేకపోతే చిటికెడు వేయండి. ఓట్స్ ఇంట్లో లేకపోతే మందపు అటుకులను పొడి మూకుడులో కరకరలాడేలా వేయించి, గుప్పిట్లో నలిపి వేయండి. నిజానికి నాకు ఓట్స్ కంటే అటుకులే ఇష్టం, మర్నాటికి కూడా వాటి కరకర పోదు. జీడిపప్పు మాకు పక్కనే ఉన్న పలాస నుంచి వస్తుంది. ముక్కలుగా అమ్మే తక్కువ ధర బద్ద ఈ పనికి చక్కగా సరిపోతుంది, గుండు పప్పు పాడుచేసుకోవలసిన పని లేదు.

మైదాలో 40 గ్రాములు తగ్గించి, ఆ మేరకు చోడిపిండి, అంటే రాగిపిండి, కలపడం నేను రెండేళ్ళుగా చేస్తున్న మార్పు. కోరాపుట్, రాయగడ కొండల్లో పండే చోళ్ళను ఒడియాలో మాండియా అంటారు. చోడిపిండిలో మైదాకున్న జిగురు లేనందున పైపొర మరింత విరుపుగా వస్తుంది, కాలిన వాసన కమ్మగా ఉంటుంది. నాలుగో వంతు దాటితే మాత్రం పళ్ళకింద మట్టిలా తగులుతుంది, అంతకు మించకండి.

ఆపిల్‌ను ముందుగా మగ్గించడం

పండ్లను గోరువెచ్చని నీటిలో రుద్ది కడిగి, చెక్కు తీసి, నాలుగు బద్దలు చేసి, గింజల గూడు తొలగించండి. ఒక్కో బద్దను సుమారు రెండు సెంటీమీటర్ల ముక్కలుగా కోయండి. పలుచని చీలికలుగా కోస్తే డెలిషియస్ పండు గుజ్జు అయిపోతుంది, మరీ పెద్దవైతే లోపల పచ్చిగా మిగులుతుంది. కోసిన ముక్కలను వెంటనే నిమ్మరసంలో దొర్లించండి. రంగు మారకుండా ఉండటానికీ, పులుపుకీ ఒకే రసం పనికివస్తుంది.

ఓవెన్ వంటల్లో చాలామంది పచ్చి ముక్కల మీదే పొడి చల్లి కాలుస్తారు. మన పండుతో, ముఖ్యంగా నిలవ పండుతో, అది నమ్మదగిన పద్ధతి కాదు. పచ్చి ఆపిల్ వేడెక్కేకొద్దీ నీరు వదులుతుంది, ఆ ఆవిరి పైకి వెళ్ళే దారిలో పైపొడిని తడుపుతుంది. కాబట్టి ముందుగా మందపాటి మూకుడులో టీ స్పూను వెన్న వేసి, ముక్కలూ పంచదారా చేర్చి, మధ్యస్థ సెగ మీద మూతపెట్టి మూడు నిమిషాలు, మూత తీసి మరో నాలుగైదు నిమిషాలు మగ్గించండి. గరిటెతో నలపకుండా మూకుడును పట్టుకుని ఎగరేస్తూ కలపండి. ముక్క అంచులు పారదర్శకంగా మారి, చాకు మొన దిగి, మధ్యలో కొంచెం అడ్డం తగిలినప్పుడు దించాలి. మిగిలిన రసం అడుగున రెండు మూడు చెంచాలకు మించకూడదు. ఎక్కువ ఉంటే ముక్కలు తీసి రసాన్ని ఒక్కదాన్నే మరిగించి తగ్గించండి. దించాక దాల్చినచెక్క పొడి వేసి, కార్న్‌ఫ్లోర్‌ను చల్లని నీటితో జారుగా కలిపి పోసి తిప్పండి. జాజికాయను రెండు రుద్దులు రుద్ది వేస్తే వాసన నిండుగా ఉంటుంది. ఏలకులు మాత్రం వద్దు: ఆపిల్ వాసనను పూర్తిగా కప్పేసి, పాయసం తిన్నట్టు చేస్తాయి.

ఈ ముక్కలను స్టీలు లేదా పింగాణీ పళ్ళెంలో పరచి, పూర్తిగా చల్లారనివ్వండి. పులుపు తగిలే పండు కాబట్టి పూతలేని అల్యూమినియం గిన్నె వాడకండి. చల్లారనివ్వడం చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, వేడి పండు మీద పొడి చల్లితే అందులోని వెన్న కాలకముందే కరిగి కిందికి జారిపోతుంది.

పైపొడి కలపడం

ఇదే ఈ వంటకు ప్రాణం. వెన్న సుమారు 32 డిగ్రీల నుంచే కరగడం మొదలుపెడుతుంది. మా ఊళ్ళో వేసవి మధ్యాహ్నం వంటింటి వేడి 35 డిగ్రీలు దాటుతుంది, అంటే బల్ల మీద పెట్టిన వెన్న కలిపేలోపే నూనె అవుతుంది. కరిగిన వెన్నలో మైదా కలిస్తే పొడి రాదు, ముద్ద వస్తుంది, అది కాలితే బిస్కెట్టు పలకలా గట్టిపడుతుంది. అందువల్ల వెన్న కట్టను గంటసేపు ఫ్రీజరులో ఉంచండి. గిన్నె, మైదా కూడా అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున్నే ఎండ ముదరకముందు ఈ పని ముగించడం ఇంకా మంచిది.

చల్లని గిన్నెలో మైదా, చోడిపిండి, పంచదార, ఉప్పు కలిపి, గడ్డకట్టిన వెన్నను కొబ్బరి తురిమినట్టు పెద్ద రంధ్రాల తురుముపీట మీద నేరుగా పిండిలోకి తురమండి. మధ్యమధ్య తురుమును పిండిలో దొర్లిస్తే ఒకదానికొకటి అంటుకోదు. తరువాత రెండు చేతుల వేళ్ళ కొసలతో, అరచేయి తగలకుండా, గిన్నె అడుగునుంచి కొంచెం పిండిని పైకెత్తి, బొటనవేలు చూపుడువేళ్ళ మధ్య జార్చుతూ నలపండి. మొదట పొడి తెల్లగా, వేరుగా జారుతుంది. ఒక నిమిషానికి రంగు లేత పసుపుకు తిరిగి, జారే చప్పుడు తగ్గి, వేళ్ళకు తడి ఇసుక స్పర్శ తగులుతుంది. అక్కడ ఆగాలి. జంతికల పిండిలో వెన్న సరిపోయిందో లేదో చూసే పరీక్షే ఇక్కడా పనిచేస్తుంది: గుప్పిట పట్టి నొక్కితే ముద్దగా నిలవాలి, వేలితో తడితే విడిపోవాలి. విడిపోకపోతే వెన్న కరుగుతోందని అర్థం. గిన్నెను పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి మళ్ళీ మొదలుపెట్టండి.

చివరగా అటుకులు లేదా ఓట్స్, జీడిపప్పు కలిపి, పొడిలో మూడో వంతును గుప్పిట్లో నొక్కి బఠాణీ గింజంత ఉండలుగా విరవండి. అంతా మెత్తని పొడే అయితే రసంలో మునిగిపోతుంది, అంతా ఉండలే అయితే మధ్యలో పిండి పచ్చిగా మిగులుతుంది. రెండూ కలిసి ఉండాలి. వాడబోయేదాకా ఫ్రిజ్‌లోనే ఉంచండి.

వెన్న బదులు ఇంటి నెయ్యి వాడవచ్చునా అని అడుగుతారు. వాడవచ్చును. వెన్నలో సుమారు ఆరో వంతు నీరు ఉంటుంది, నెయ్యిలో ఉండదు. అందుకని 80 గ్రాముల నెయ్యి చాలు, అదీ ఫ్రిజ్‌లో గట్టిపరచి. నెయ్యి పొడి కాస్త గుల్లగా, బాదుషా అంచులా వస్తుంది. వాసన మనకు ఇంపుగానే ఉంటుంది గానీ ఆపిల్ రుచి కొంత వెనక్కి తగ్గుతుంది.

కాల్చడం

ఓవెన్ ఉంటే పని తేలిక. 180 డిగ్రీల సెల్సియస్ వద్ద పావుగంట ముందుగా వేడిచేసి, కిందిదీ పైదీ రెండు రాడ్లూ వెలిగించి, నడిమి అరలో పళ్ళెం పెట్టండి. గాలి పంకా ఉన్న ఓవెన్ అయితే 165 నుంచి 170 చాలు. పొడిని పళ్ళెంలో వదులుగా చల్లండి, చేత్తో అదమకండి. ఆవిరి పోవడానికి ఆ సందులే దారి. ముందే మగ్గించాం కనుక 35 నుంచి 40 నిమిషాలు సరిపోతుంది. పైపొర వేయించిన జీడిపప్పు రంగుకు వచ్చి, అంచుల వెంట రసం నీళ్ళలా కాక పాకంలా నెమ్మదిగా బుడగలు వేస్తుంటే అయిపోయినట్టు. చిన్న ఓవెన్లలో ఒక మూల త్వరగా మాడుతుంది కాబట్టి సగం సమయానికి పళ్ళెం తిప్పి పెట్టండి.

కుంపటి పద్ధతికి ఓపిక కావాలి, కాని నా అనుభవంలో పైపొర కరకర దీనిలోనే ఎక్కువ. లోతైన మందపాటి ఇనుప లేదా ఇత్తడి గిన్నె అడుగున స్టాండు పెట్టి, మూతపెట్టి, కుంపటి మీద పదిహేను నిమిషాలు వేడెక్కనివ్వండి. లోపల క్రంబుల్ పళ్ళెం దించండి. దీనికి గాజు పళ్ళెం వద్దు, స్టీలుదే వాడండి. చదునైన ఇనుప పెనాన్ని మూతగా పెట్టి, అంచుకీ గిన్నెకీ మధ్య ఒకవైపు పుల్లంత ఎడం ఉంచండి, ఆవిరి బయటికి పోవాలి. ఇప్పుడు నిప్పులను పంచాలి: కింద ఒక వంతు, పెనం మీద రెండు వంతులు. కింద ఎక్కువైతే రసం అడుగంటుతుంది. ఇరవై నిమిషాలకు పైనిప్పులు బూడిద తేలితే కొత్తవి వేయండి. మొత్తం నలభై నుంచి నలభై అయిదు నిమిషాలు పడుతుంది. పెనం ఎత్తేటప్పుడు బూడిద లోపల రాలకుండా పట్టకారుతో తిన్నగా పైకి లేపి పక్కకు జరపాలి. ఈ పని పెరట్లో, గాలి ఆడేచోట మాత్రమే చేయండి. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి ప్రాణాంతకమైన విషవాయువును వదులుతుంది.

గ్యాసు పొయ్యి తప్ప మరేదీ లేనివారు కుక్కరు జోలికి పోవద్దని నా సలహా. దానికి బదులు ఆపిల్‌ను పూర్తిగా మెత్తబడేదాకా మూకుడులోనే మగ్గించి చిక్కపరచండి. పైపొడిని వెడల్పాటి మందపు పెనం మీద సన్నసెగన పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు, రవ్వ వేయించినట్టు అడుగునుంచి కలుపుతూ వేయించండి. మొదట వెన్న కరిగి తడిగా అనిపించినా, కలుపుతూ ఉంటే మళ్ళీ విడివిడి అవుతుంది. రంగు తిరగగానే వెడల్పు పళ్ళెంలోకి మార్చండి, పెనం మీదే వదిలితే మాడిపోతుంది. చల్లారాక కరకరలాడుతుంది. వడ్డించే ముందు వేడి ఆపిల్ మీద చల్లుకుంటే చాలు. శాస్త్రీయంగా ఇది కాల్చిన క్రంబుల్ కాకపోయినా, మెత్తబడిన కుక్కరు క్రంబుల్ కంటే పదిరెట్లు మేలు.

వడ్డన, నిలవ

పొయ్యి దించగానే తినకండి. పదిహేను నిమిషాలు ఆగితే రసం చిక్కబడి ముక్కలను పట్టుకుంటుంది. కస్టర్డు దీనికి పాతకాలపు జత: అరలీటరు పాలకు రెండు టేబుల్ స్పూన్ల కస్టర్డు పొడి, రెండు టేబుల్ స్పూన్ల పంచదార చాలు, ఎందుకంటే తీపి ఇప్పటికే పళ్ళెంలో ఉంది. కస్టర్డును క్రంబుల్ మీద పోయకుండా పక్కన పోయండి. ఇంత కష్టపడి కాపాడిన పైపొరను చివరి నిమిషంలో తడపడం నాకు నచ్చదు. పాలను సగానికి మరగకాచి చల్లార్చినది కూడా బాగుంటుంది.

ఆపిల్ లేని కాలంలో మా జిల్లా కొండల అనాసతో ఇదే పని చేయవచ్చు. కాని అనాసలో నీరు ఎక్కువ కనుక ముక్కలను మగ్గించాక జల్లెడలో పావుగంట వడగట్టి, ఆ రసాన్ని విడిగా మరిగించి చిక్కపరచి కలపాలి, నిమ్మరసం మానేయాలి. దోరజామ అయితే గింజలు తీసి, ఆపిల్ కొలతలే పాటించండి.

మిగిలినది ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటుంది. మళ్ళీ వేడిచేసేటప్పుడు మైక్రోవేవ్ వాడితే పైపొర మెత్తబడుతుంది. ఓవెన్‌లో 160 డిగ్రీల వద్ద పది పన్నెండు నిమిషాలు పెట్టండి, లేదా పైపొరను చెంచాతో గీరి విడిగా పెనం మీద వేడిచేసి మళ్ళీ చల్లండి. పచ్చి పైపొడి మాత్రం మూతగట్టి డబ్బాలో ఫ్రీజరులో నెలరోజులు నిలవ ఉంటుంది. నేను ఎప్పుడూ రెండింతలు కలిపి, సగం అక్కడ ఉంచుతాను. గడ్డకట్టిన పొడిని కరిగించకుండా నేరుగా పండు మీద చల్లి, కాల్చే సమయానికి అయిదు నిమిషాలు కలిపితే సరిపోతుంది.